చెరసాలలో చదువు

సూర్యాపేట నుండి జనగామకు పోవు బాటలో తిరుమలగిరి చౌరస్తాయొద్ద బస్సు దిగిన బాటసారికి ధాన్యపు బస్తాల లారీలును, చాయ హోటళ్లును, మార్కెట్టు యార్డునకు పోవు ట్రాక్టర్లును కనబడునేగాని, తానెంతటి అక్షరసంపద నడుమ నిలిచియున్నాడో సామాన్యముగా స్ఫురింపదు. అనతిదూరమున ఫణిగిరి గుట్టపై ఇక్ష్వాకుల కాలపు బౌద్ధారామము కలదు. రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరమున చెక్కిన శాసనము అచ్చటనే దొరకినది. దక్షిణమున నకిరేకల్లు చెంత మాదారము వట్టికోట ఆళ్వారుస్వామి పుట్టిన ఊరు. తూర్పున చిన్నగూడూరు దాశరథి కృష్ణమాచార్యులు పుట్టిన ఊరు. ఉత్తరమున కడవెండి 1946 జూలై 4 నాడు రైతుపోరులో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు నేలకొరిగిన ఊరు. నల్లగొండ జిల్లాలో నుండి 2016లో విడివడి సూర్యాపేట జిల్లాలో చేరిన ఈ తిరుమలగిరిని నడుమ నుంచుకొని చుట్టును ఒక వలయము గీసినచో, చదువుటయు వ్రాయుటయు పాడుటయు నేరములుగా లెక్కింపబడిన కాలమున ఆ నేరములను మనస్ఫూర్తిగా చేసినవారు ఎందరో అందులో చిక్కుదురు.

చెరసాలలో పుస్తకములపై విధించు ఆంక్షలను గూర్చి మాట వచ్చినపుడెల్ల మనము దానిని గోడల లోపలి వ్యవహారముగా తలంతుము. నిజాము రాజ్యమున అది అట్టిది కాదు. ఇచ్చట జైలు తలుపు లోపలి నియమము వెలుపలి నియమమునకు కొనసాగింపు మాత్రమే. ఊరి గ్రంథాలయమును అనుమానించిన చూపే తరువాత ఖైదీ చేతిలోని కాగితమును కూడ అనుమానించినది. ఈ సంబంధమును గుర్తింపక, ఖైదీలకు పుస్తకము లభింపని కథను మాత్రమే చెప్పినచో సగము కథయే చెప్పినట్లగును.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల సంస్థానాధిపతి నాయని వేంకటరంగారావు మొదలైనవారు దానికి మూలపురుషులు. (ఈ మునగాల నేడు సూర్యాపేట జిల్లాలోనిదే యైనను ఆనాడు చుట్టును నిజాము భూమి యుండగా తాను మాత్రము కృష్ణాజిల్లాకు చెంది ఆంగ్లేయుల యేలుబడిలో నుండెను.) 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వచ్చెను, పిదప ఈ ఉద్యమము తాలూకాలకును పల్లెలకును ప్రాకెను. రాజభాష ఉర్దూ, కచ్చేరీ భాష ఉర్దూ, 1918లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమున సహితము బోధనాభాష ఉర్దూయే యైన రాజ్యమున, తెలుగు పుస్తకములు నాలుగు ఒక చావడిలో బీరువా కెక్కుట ప్రభుత్వమునకు భాషాభిమానముగా గాక రాజకీయముగా తోచినది. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ముందుగా అనుమతి లేనిదే సభలు జరుపరాదనెను. గ్రంథాలయ వార్షికోత్సవములకు సహితము అధికారుల గడప త్రొక్కవలసివచ్చెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతను, 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతను జరిగిన ఆంధ్రమహాసభలు మొదలుకొని ఈ ఉత్తరువును రద్దుచేయుడని పలుమారులు కోరిరి. అనుమతి కోరిన పుస్తకశాల, అనుమతి కోరిన పాఠశాల, అనుమతి కోరిన సభ: ఈ మూడింటి నడుమ పెరిగిన తరమునకు జైలులో కాగితము దొరకకపోవుట వింత యగునా?

ఆళ్వారుస్వామి ఆ తరమువాడు. అతని చదువు బడిలో సాగలేదు. పసితనముననే తండ్రిని కోల్పోయి, సీతారామారావను ఉపాధ్యాయునకు వంటచేసి పెట్టుచు, వంటయింటి పొగలో అక్షరములు నేర్చుకొనెను. అటుపిమ్మట విజయవాడలో హోటలు సర్వరుగా పనిచేసెను. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులకు జనులిచ్చిన 'దేశోద్ధారక' బిరుదమును తలకెత్తుకొని 1938లో సికిందరాబాదున దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించెను. అచ్చువేయించిన పుస్తకములను తానే సంచులలో మోసికొని ఊరూరు తిరిగి అమ్మెను. ప్రచురణకర్తలు గ్రంథములను గోదాములలో నుంచి పాఠకుల కొరకు ఎదురుచూచుట సహజము; గ్రంథమును భుజముపై వేసికొని పాఠకుని వెదకుచు బయలుదేరినవాడు మన ప్రాంతమున ఇతడే యని నా నమ్మకము. ఇట్టి మనుష్యుని 1942 ఉద్యమమున ఒకమారును, పిదప స్వాతంత్ర్యము వచ్చిన దినములలో మరియొకమారును జైలులో నుంచిరి. పుస్తకములు మోయుటయే జీవితమైనవానిని పుస్తకములు లేని చోట నుంచుట కంటె తగిన శిక్షను ఆ ప్రభుత్వము కోరి వెదకినను కనుగొనజాలి యుండెడిది కాదు.

1947-48 నాటి నిజామాబాదు జైలు ఇందూరు ఖిల్లాలో, రఘునాథాలయము గల గుట్టమీద నుండెను. వరంగల్లు జైలు నుండి తరలింపబడి దాశరథి అచ్చటికి చేరెను. ఆళ్వారుస్వామి అచ్చట తోడయ్యెను. ఒకడు ఇరువదిరెండేండ్ల కవి, రెండవవాడు ముప్పది దాటిన ప్రచురణకర్త. ఇట్టి జంటను ఒకే గోడల నడుమ నుంచిన అధికారి సాహిత్యము నెరుగనివాడై యుండవలెను. కలము లేదు, కాగితము లేదు. ఉన్నదెల్ల పండ్లు తోముకొనుటకు ప్రాతఃకాలమున పంచిపెట్టెడి బొగ్గు. ఆ బొగ్గులో కొంత పండ్లకు పోగా మిగిలినది గోడ కెక్కినది. నిజామును పిశాచముతో పోల్చి తిట్టిన పద్యము సున్నపు గోడమీద నల్లగా నిలిచినది. దాశరథియే వ్రాసెననియు, దాశరథి చెప్పగా ఆళ్వారుస్వామి వ్రాసెననియు రెండు విధములుగా చెప్పుకొందురు. నా దృష్టిలో ఈ రెండింటికిని వైరుధ్యము లేదు. బొగ్గుముక్క చేతులు మారుటకు ఎంతసేపు కావలెను?

ఆ బొగ్గును గూర్చి కొంచెము నిదానింపవలెను. బొగ్గుతో చిన్న అక్షరము వ్రాయుట కుదరదు. మొన అరిగిపోవును, గీత లావగును, వత్తులును కొమ్ములును ఒకదాని నొకటి రాచుకొనును. మోచేయి తగిలిన చోటెల్ల పదము చెరిగి మసక యగును. అందువలన గోడమీది వ్రాత ఎంత పెద్దదైనను నాలుగైదు పాదములకు మించదు. అంతకు మించినదానిని మనస్సున దాచుకొనవలసినదే. ఇచ్చట తెలుగు ఛందస్సు చేసిన మేలు విశేషముగా చెప్పదగినది. యతిప్రాసలు పద్యమునకు అలంకారములని పండితులు వాదింతురు, సంకెలలని నవ్యకవులు విసుగుకొందురు. జైలులో అవి రెండును కావు, అవి కాపలాదారులు. కంఠస్థము చేసినవాడు ఒక మాట మరచినను, ప్రాసాక్షర మిది, యతిస్థాన మిది యని గుర్తుచేసి పద్యము తన్ను తాను సరిచేసికొనును. ఆళ్వారుస్వామి దాశరథి పద్యములను నోటికి నేర్చుకొని తోడి ఖైదీలకు వినిపించెను. గోడను తుడిపించుట అధికారుల కెంత తేలికయో, నోటిలోని సీసమును తుడుచుట అంత అసాధ్యము. 1949లో వెలువడిన 'అగ్నిధార'ను దాశరథి ఆళ్వారుస్వామికి అంకితమిచ్చెను. కృతిభర్తయనగా పూర్వము రాజు. గ్రామాదులిచ్చి కవిని పోషించువాడు. ఈ కృతిభర్త యిచ్చినది జ్ఞాపకశక్తి.

ఇదే కాలమున తిరుమలగిరి, తుంగతుర్తి, దేవరుప్పల పల్లెలలో మరియొక విధమైన సాహిత్యము సాగుచుండెను. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి గూండాలను తిట్టిన పాటలు, బండి యాదగిరి కట్టిన పాట, బుర్రకథలు, ఉయ్యాల పాటలు. పోలీసులు ఇండ్లు సోదాచేసి కరపత్రములను పట్టుకొనగలిగిరి గాని నాట్లువేయు కూలీల గొంతులో నున్నదానిని పట్టుకొనలేకపోయిరి. కాగితమునే సాహిత్యమని నమ్మిన ప్రభుత్వము కాగితమునే నిషేధించును. చదువురానివారు అధికముగా నున్న దేశమున ఆ నిషేధము నీటిని జల్లెడతో పట్టిన చందమే.

ఆంగ్లేయుల పాలనలోని తెలుగునాట కథ కొంత వేరు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాయవెల్లూరు జైలులో కూర్చుండి 'మాలపల్లి'ని వ్రాయగలిగెను. జైలు లోపల వ్రాయనిచ్చిన ఆ ప్రభుత్వమే వెలుపల 1923లో దానిని నిషేధించెను. మరల 1936లో నిషేధము, 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదప విముక్తి. జైలులో పుట్టిన పుస్తకమునకు వెలుపల చెర! ఈ విపరీతమునకు కారణము సులభముగానే ఊహింపవచ్చును: ఖైదీ వ్రాసికొన్నది ఖైదీతోనే యున్నంతవరకు ఎవరికిని భయము లేదు, అది పాఠకుని చేరిననాడే అసలు తగవు.

స్వతంత్ర భారతమున జైళ్లు 1894 నాటి కారాగార శాసనముతోనే నడచినవి. ఖైదీకి ఏ యుత్తరము అందవలెను, ఏ పుస్తకము చేరవలెను అను విషయమున నియమములు చేసికొను అధికారమును ఆ శాసనము ప్రభుత్వములకిచ్చినది. నియమమును అన్వయించు పని జైలు సూపరింటెండెంటు పాలబడినది. 1965లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యవహారము ఈ అన్వయమెట్లుండెనో తెలుపును. నిర్బంధములో నున్న ప్రభాకర్ పాండురంగ సాంజ్‌గిరి అను ఆయన మరాఠీలో అణుశాస్త్రముపై ఒక గ్రంథము వ్రాసి ప్రచురణకు పంపగోరెను. మహారాష్ట్ర ప్రభుత్వము వెలుపలికి పోనీయననెను. పరమాణువు గర్భమున ఏమున్నదో చెప్పిన గ్రంథమువలన రాజ్యమునకు ఏ హాని కలుగునో ప్రభుత్వము చూపలేదు. నిర్బంధపు షరతులలో లేని ఆంక్షను ఖైదీపై అదనముగా వేయరాదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. తీర్పు వచ్చినది, అలవాటు పోలేదు. 2022లో బొంబాయి హైకోర్టు ఎదుట తలోజా జైలు వ్యవహారము వచ్చినపుడు, అందలి ఖైదీ గౌతమ్ నవ్‌లఖాకు పి. జి. వోడ్‌హౌస్ వ్రాసిన హాస్యగ్రంథమును భద్రతాకారణములచే ఈయలేదని తెలిసి న్యాయమూర్తులు అది నవ్వులపాలగు పనియనిరి. హాస్యగ్రంథము నిషేధమున గూడ తన ధర్మమును నిర్వర్తించినది.

తెలంగాణమున ఈ పోరు 1970, 80 దశకములలో తిరిగి తీవ్రమయ్యెను. కవి వరవరరావు 1980 దశకములో జైలు నుండి వ్రాసిన లేఖలు 'సహచరులు' పేర వెలువడినవి. సెన్సారు కన్ను దాటివచ్చిన అక్షరములవి. అతడు జైలులో నుండియే కెన్యా రచయిత న్గూగీ వా థియాంగో గ్రంథములను తెనిగించెను. ఈ ఎన్నిక యాదృచ్ఛికము కాదు. న్గూగీ 1978లో కామిటీ జైలులో మరుగుదొడ్డి కాగితములపై గికుయు భాషలో ఒక నవలను వ్రాసెను. సోదాలో అది పట్టువడెను. కొన్నాళ్లకు అధికారి దానిని తిరిగి ఇచ్చుచు, ఇందులో తప్పేమియు కనబడలేదు గాని మీ భాష మిక్కిలి కఠినముగా నున్నదనెనట. సెన్సారు అధికారి కూడ ఒక పాఠకుడే. అతనికి భాష రాకపోయినను, సాహిత్యము రుచింపకపోయినను, పుస్తకపు తలరాత ఆ రాకపోవుటపైననే ఆధారపడును. ఖైదీ వ్రాసిన భాష చదువనేర్చిన ఉద్యోగి దొరకువరకు ఉత్తరములు బల్లమీద మూలుగుట మన జైళ్లలోను కొత్త కాదు.

ఇంతవరకు చెప్పినది కవుల కథ, రాజకీయ ఖైదీల కథ. వారు అడుగగలరు, నిరాహారదీక్ష చేయగలరు, కోర్టుకు పోగలరు. కనుకనే వారికి నిరాకరింపబడిన పుస్తకమునకు చరిత్రలో చోటు దొరకినది. కోడిని దొంగిలించి వచ్చినవాడును, గట్టు తగాదాలో గొడ్డలి ఎత్తి వచ్చినవాడును ఏ పుస్తకమును అడుగలేదు. అడిగెడి చదువు వారికి లేదు. వారి విషయమున సెన్సారు అవసరమే కలుగలేదు. ఊరిలో బడి లేకుండ చేసినవారే ఆ పనిని ముందుగా ముగించి యుండిరి. మన సాహిత్యచరిత్రకారులు గోడమీది బొగ్గుపద్యమును పొగడుటలో చూపిన శ్రద్ధలో పదవవంతు ఈ మనుష్యులపై చూపలేదు.

చూపినవాడు మరల ఆళ్వారుస్వామియే. అతని 'జైలు లోపల' కథలలో నాయకులు నాయకులు కారు. హత్య చేసి వచ్చినవారు, దొంగతనము చేసి వచ్చినవారు, ఏ నేరము ఎందుకు మీద పడెనో సరిగా తెలియనివారు. తనతో కూడ శిక్ష ననుభవించినవారిని తనకంటె తక్కువవారినిగా చూడక, వారిని అట్లు చేసిన పరిసరములను చూచెను. ఒకరి యింట వంటచేసి అక్షరము సంపాదించుకొన్నవానికి, అక్షరము దొరకకపోయినచో తానును ఆ వరుసలో కూర్చుండెడివాడనియే తెలియును. విడుదలైన పిదప తిరిగి గ్రంథమాల పని చేపట్టెను, 'ప్రజల మనిషి' నవలను వ్రాసెను, 'గంగు'ను పూర్తిచేయకయే 1961 ఫిబ్రవరి 5న కన్నుమూసెను. ఆ అక్షరలేమిని తీర్చుటకు ఇటీవలి కాలమున తెలంగాణ జైళ్లశాఖ వేలిముద్ర వేయు ఖైదీలకు సంతకము నేర్పు పనికి పూనుకొన్నది. 1796 నాటి సంగారెడ్డి పాతజైలును 2016లో ప్రదర్శనశాలగా మార్చి, ఐదువందల రూపాయలు చెల్లించినవారు ఒక దినము ఖైదీగా గడుపు ఏర్పాటు సైతము చేసినది. డబ్బిచ్చి చెరలో చేరిన ఆ యతిథులు తోడుగా ఏ పుస్తకములు తీసికొనిపోయిరో నాకు తెలిసికొనవలెనని యున్నది.