మూడో కూత

2023 అక్టోబర్ 7న చైనాలోని హాంగ్‌జౌలో మన ఆడపిల్లలు కబడ్డీలో చైనీస్ తైపీని 26–25తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ ఆసియా క్రీడల్లో మన దేశానికి అది నూరో పతకం. ఒక్క పాయింటు తేడాతో గెలిచిన ఆటండీ అది! కానీ ఆ సాయంత్రానికి అందరూ మాట్లాడుకున్నది మాత్రం మగవాళ్ళ ఫైనల్ గురించే.

అక్కడేం జరిగిందంటే, ఇరాన్‌తో స్కోరు 28–28 దగ్గర ఉండగా, ఆట ముగిసేముందు మన కెప్టెన్ పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళాడు. ఎవరినీ తాకకుండానే పక్కనున్న లాబీలోకి, అంటే కోర్టు అంచున ఉండే పట్టీలోకి, అడుగు పెట్టేశాడు. అతన్ని పట్టుకోబోయి ఇరాన్ వాళ్ళు నలుగురు అతని వెంట అదే పట్టీలోకి వచ్చేశారు. పాత నియమం ప్రకారం తాకిడి లేకుండా లాబీలోకి వెళ్ళిన ప్రతివాళ్ళూ ఔటే. కొత్త నియమం ప్రకారం కూతకొచ్చినవాడు ఒక్కడే ఔట్. ఏ నియమం చెల్లుతుందో అంపైర్లకే తేలలేదు. ఒకసారి ఇలా, ఒకసారి అలా చెప్పారు. దాదాపు గంటసేపు ఆట ఆగిపోయింది, ఆటగాళ్ళు మ్యాట్ మీదే కూర్చుండిపోయారు. చివరికి పాత నియమమే నిలబడి మనవాళ్ళు 33–29తో గెలిచారు.

మా అత్తయ్యగారు అంతా చూసి ఒకే మాట అడిగారు: "ఇంతకీ కూతకు వెళ్ళినవాడు కూత పెట్టడేమే?"

పెడతారండీ, నియమం ఇప్పటికీ ఉంది. కాకపోతే ఆ జనం హోరులో వినబడదు. కానీ ఆవిడ ప్రశ్నలో ఈ ఆట చరిత్ర సగం ఉంది. మన చెడుగుడు, తమిళుల సడుగుడు, మహారాష్ట్ర హుతుతు, బెంగాల్ హడుడు, ఏ పేరుతో పిలిచినా ఆటకు ప్రాణం ఊపిరే. కూత తెగితే చచ్చినట్టు. గడియారంతో పనే లేదు. మాది జగ్గయ్యపేట పక్క పల్లె. రేగడి నేల ఎండితే పర్రెలు విచ్చుతుంది కనుక, సంక్రాంతికి పాలేటి ఇసుక తోలించి, ముగ్గుపిండితో గీతలు గీసేవాళ్ళు. ఎవరి కూత ఎంత పొడుగో ఊరంతా లెక్క. ఆడపిల్లలమూ ఆడేవాళ్ళం, వోణీ వేసుకునేదాకా. ఆ తర్వాత అరుగు మీద నుంచి చూడటమే మా వంతు.

ఊరూరా తీరు వేరైన ఈ ఆటను ఒక పద్ధతిలో పెట్టే పని మహారాష్ట్రలో మొదలైంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమరావతి వ్యాయామ మండలి వాళ్ళు ప్రదర్శించి చూపించారు. 1950లో జాతీయ సమాఖ్య ఏర్పడింది. అప్పటికి ఆటలో మూడు రకాలుండేవి. గామినిలో ఔటైనవాడు జట్టంతా ఔటయ్యేదాకా బయటే. అమర్‌లో ఔటైనా బయటికి పోనక్కర్లేదు. సంజీవనిలో మాత్రం అవతలివాణ్ణి ఔట్ చేస్తే మనవాడు ఒకడు బతికి లోపలికి వస్తాడు. జాతీయ పోటీలకు ఈ సంజీవని పద్ధతే స్థిరపడింది. పేరు పెట్టినవాళ్ళెవరో గానీ నాకు భలే ఇష్టం. పడిపోయినవాళ్ళను తోటివాళ్ళు బతికించుకునే ఆట మరేదైనా ఉందా?

ఆడవాళ్ళ జాతీయ పోటీలు 1955లోనే కలకత్తాలో మొదలయ్యాయి. ఆసియా క్రీడల్లో మగవాళ్ళ కబడ్డీ 1990లో బీజింగ్‌లో వస్తే, మనకు 2010లో గ్వాంగ్‌జౌ దాకా చోటే దొరకలేదు. ఇరవై ఏళ్ళు! 2018లో మనల్ని 27–24తో ఓడించి ఇరాన్ అమ్మాయిలు బంగారం పట్టుకుపోయారు. వాళ్ళకు ఆట నేర్పింది మన నాసిక్‌కు చెందిన శైలజా జైన్. ఆవిడ గురించి మరోసారి రాస్తాను.

అసలు మార్పు 2014లో ప్రో కబడ్డీతో వచ్చింది. టీవీలో చూసేవాళ్ళకు ఆట సాగినట్టు అనిపించకూడదు కదా! కూతకు 30 సెకన్లే గడువు. ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉండి పట్టు పడితే 'సూపర్ ట్యాకిల్', ఒక పాయింటు అదనం. అన్నిటికన్నా పెద్దది మూడో కూత, వాళ్ళ మాటలో 'డూ ఆర్ డై'. ఇదివరకు బాక్ లైన్ దాటి, ఎవరినీ తాకకుండా క్షేమంగా తిరిగొచ్చినా తప్పు లేదు. ఇప్పుడు ఒక జట్టు వరసగా రెండుసార్లు ఖాళీ చేతులతో వస్తే, మూడోసారి వెళ్ళినవాళ్ళు పాయింటు తేవాల్సిందే. తేకపోతే తను ఔట్, అవతలివాళ్ళకు ఒక పాయింటు. ముందు రెండుసార్లు ఎవరు వెళ్ళారన్నది లెక్క లేదు, శిక్ష మాత్రం మూడో మనిషికి.

ఇది చూడటానికి బాగుంటుంది, కాదనను. కానీ జట్టు అల్లిక మొత్తం మార్చేసింది. మన తెలుగు టైటాన్స్‌నే చూడండి. 2022లో పవన్‌ను 2 కోట్ల 26 లక్షలకు పైగా పెట్టి తెచ్చుకున్నది తమిళ్ తలైవాస్. మొదటి ఆటలోనే అతని మోకాలు దెబ్బతింది, ఇక ఆ సీజన్‌లో ఆడలేదు. ఆ ఏడు టైటాన్స్ 22 ఆటల్లో గెలిచినవి రెండు. మరుసటి ఏడు అతన్ని 2 కోట్ల 60 లక్షలకు టైటాన్స్ కొన్నారు, అతను ఆడాడు కూడా. అయినా మళ్ళీ అట్టడుగే. ఒక్కడి మీద ఇల్లు నిలబెడితే అంతే మరి.

ఇదంతా నాకెందుకంటే, మా అమ్మాయి నందిగామలో డిగ్రీ చదువుతూ కాలేజీ జట్టులో ఆడుతోంది. కార్నర్‌లో ఉండి పట్టు పట్టడమే దాని పని. ఆ జట్టులో నిజంగా పాయింట్లు తెచ్చే పిల్లలు ఇద్దరే. వాళ్ళలో మున్నేటి అవతలి పల్లె అమ్మాయి పత్తి తీతల రోజుల్లో కూలికి పోతుంది, కాలేజీకే సరిగా రాదు. పాత పద్ధతిలో అయితే ఇలాంటి జట్టుకు ఒక ఉపాయం ఉండేది. ఆ ఇద్దరితో నాలుగైదు పాయింట్లు ముందుకెళ్ళి, ఆ తర్వాత మిగతా పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని పంపి, గీత తొక్కించి వెనక్కి రప్పించడం. ఆడపిల్లలకు సగానికి పదిహేను నిమిషాలే కదా, గడిచిపోయేది. తిరునాళ్ళ పోటీల్లో చాలాచోట్ల ఇప్పటికీ ఇలాగే నడుస్తుంది.

అంతర కళాశాలల పోటీకి వెళ్ళేసరికి అక్కడ కొత్త పుస్తకం. సగం ఆటకు మావాళ్ళు ముందున్నారు. తర్వాత మాటిమాటికీ మూడో కూత వచ్చి పడింది. బాగా ఆడే పిల్ల ఔటై బయట కూర్చున్నప్పుడు ఎప్పుడూ కూతకు వెళ్ళని పిల్లలు వెళ్ళాల్సి వచ్చింది. మా అమ్మాయి వెళ్ళి, కాలు చాపి ఎవరినో తాకబోయి దొరికిపోయింది. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. అయితే ఒక మాట చెప్పాలి, ముగ్గురే మిగిలినప్పుడు వాళ్ళు పట్టిన ఒక పట్టుకు రెండు పాయింట్లొచ్చాయి. అది లేకపోతే ఇంకా ఘోరంగా ఓడేవాళ్ళు. కొత్త పుస్తకం ఒక చేత్తో లాక్కుని ఒక చేత్తో కాస్త పెట్టింది.

డాలస్‌లో ఉండే మా ఆడపడుచు ఫోన్‌లో ఇదంతా విని వాళ్ళ అబ్బాయి కాలేజీ ఫుట్‌బాల్ సంగతి చెప్పింది. అక్కడ బంతిని తన్ని ఆట మొదలుపెట్టేటప్పుడు రెండు వైపులవాళ్ళూ అంతదూరం నుంచి పరుగెత్తుకొచ్చి గుద్దుకుంటారట, తలలు పగులుతాయని భయం. అందుకని 2012లో తన్నే గీతను ఐదు గజాలు ముందుకు జరిపారు. 2018 నుంచి పాతిక గజాల గీతకు ఇవతల బంతిని పరుగెత్తకుండా పట్టుకుంటే చాలు, ఆట పాతిక గీత దగ్గరే మొదలవుతుంది. ఆ పరుగు కోసమే జట్టులో ఉన్న పిల్లలకు పని తగ్గిందని అక్కడా సణుగుడు ఉందట. ఉంటే ఉండనీ, వాళ్ళు గుద్దులాట తగ్గించడానికి మార్చారు. మనవాళ్ళు మార్చింది పిల్లను గుంపులోకి తోయడానికి. ఆ రెంటికీ తేడా నాకు కనబడుతూనే ఉంటుంది, ముఖ్యంగా రాత్రిళ్ళు దాని మోకాలికి కాపడం పెడుతున్నప్పుడు.

మానేయమని మా ఆయన ఒకసారి అన్నారు. నేను ఊరుకున్నాను, అత్తయ్యగారే అడ్డుపడ్డారు. "దానికి కూత నేర్పించండి, మాన్పించడం దేనికి?" అని.

కాలేజీ పి.డి. గారూ అదే దారిలో ఉన్నారు. ఇదివరకు కూత ప్రాక్టీసు ఆ ఇద్దరికే. ఇప్పుడు పన్నెండు మందికీ వంతులు వేశారు. అందరూ వెళ్ళాలి, వాచీ పట్టుకుని ముప్పై సెకన్లు, తాకకుండా వస్తే మళ్ళీ వెళ్ళాలి. మా అమ్మాయి వాటా రోజుకు పది. మున్నేటి అవతలి పిల్ల పత్తికి పోయిన రోజున పన్నెండు.