బయట మెకానిక్‌కు చూపిస్తే కారు వారంటీ పోతుందా?

ఉయ్యూరులో మీ కారు డ్యాష్‌బోర్డుపై చెక్ ఇంజిన్ లైటు వెలిగిందనుకోండి. ఊళ్లో తెలిసిన మెకానిక్ ఉన్నా చాలామంది బందరు రోడ్డెక్కి విజయవాడలోని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్తారు. ‘బయట చేయిస్తే వారంటీ పోతుంది’ అన్న భయమే దీనికి కారణం. ఆ మాటలో నిజం సగమే.

2011లో ఓ వినియోగదారుడి ఫిర్యాదుతో మొదలైన కేసులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ) 2014 ఆగస్టు 25న ఆదేశాలిచ్చింది. విడిభాగాలు, రిపేర్ మాన్యువళ్లు, లోపాన్ని కనిపెట్టే డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని తేల్చి, మారుతీ, టాటా, మహీంద్రా, హోండా, టయోటా సహా 14 కంపెనీలకు కలిపి రూ.2,544.65 కోట్ల జరిమానా వేసింది.

వారంటీపై అందులో చెప్పింది కారున్న ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. బయట రిపేర్ చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామని షరతు పెట్టకూడదు. బయటివాళ్ల తప్పుడు రిపేరు వల్ల ఏదైనా దెబ్బతింటే, ఆ నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చు. అంటే బయట బ్రేక్ ప్యాడ్లు మార్పించారని ఏసీ వారంటీ ఎగ్గొట్టడం కుదరదు.

అయితే ఈ ఆదేశం చూపిస్తే చాలు, పనైపోతుందని అనుకోవద్దు. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2016లో అప్పిలేట్ ట్రైబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పు జరిగిందన్న తీర్పును సమర్థిస్తూనే జరిమానా లెక్కను తగ్గించింది. తర్వాత వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

మరి కారులోని డేటా ఎవరిది?

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ విప్పి బిగించే చేయి తిరిగిన మెకానిక్‌లకు కొదవ లేదు. ఇప్పుడు వాళ్లను ఆపుతున్నది సాఫ్ట్‌వేర్. స్టీరింగ్ కింది ఓబీడీ పోర్టుకు మామూలు స్కానర్ తగిలిస్తే, పొగకు సంబంధించిన ప్రామాణిక కోడ్‌లు కనిపిస్తాయి. ఎయిర్‌బ్యాగ్, కొత్త తాళం ప్రోగ్రామింగ్ లాంటి వాటికి చాలా మోడళ్లలో కంపెనీ సాఫ్ట్‌వేరే కావాలి. యూరప్‌లో 2025 సెప్టెంబరు నుంచి అమలవుతున్న డేటా చట్టం, ఇంటర్నెట్‌కు కనెక్టయిన కారు డేటాను యజమాని అడిగి తీసుకునే హక్కు ఇచ్చింది. మన దగ్గర కార్లకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. మాన్యువళ్లు, వారంటీ వివరాలు కంపెనీలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. ఉపయోగమే కానీ, పోర్టల్ చట్టం కాదుగా!

వారంటీ నిరాకరిస్తే ఏం చేయాలి?

ముందు కారణం రాతపూర్వకంగా అడగండి. కౌంటర్‌లో నోటిమాటగా చెప్పింది తర్వాత నిలవదు. బయట చేయించిన ప్రతి పనికీ బిల్లు తీసుకోండి; వాడిన విడిభాగం పేరు, కిలోమీటర్ల రీడింగ్ అందులో ఉండాలి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

2022 జిల్లాల విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది, ఉయ్యూరు కృష్ణాలోనే ఉంది. సర్వీస్ సెంటర్ వేరే జిల్లాలో ఉందని ఆగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. గడువు మాత్రం సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు.