తాళం వేరు, ముసుగు వేరు: గుట్టు మెయిల్ కథ

ఈ వారం ఎపిసోడ్ వినడానికి టైం దొరకని వాళ్ల కోసం, నేను చెప్పిందంతా ఇక్కడ రాసి పెడుతున్నా. వినేటప్పుడు పేర్లు, సంవత్సరాలు చెవిలో నిలవవు. ఇక్కడైతే నిమ్మళంగా చదువుకోవచ్చు.

మనోళ్లు నన్ను చాలాసార్లు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, నా పేరు బయటపడొద్దు, మధ్యలో ఎవ్వరూ చదవొద్దు. అట్లాంటి మెయిల్ పంపాలంటే ఏ యాప్ మంచిది?" ఈ ప్రశ్న ఎవరూ సరదాకి అడగరు. ఒకరికి నాలుగు నెలల జీతం ఆగి ఉంటది. ఒకరి సైట్‌లో స్కఫోల్డింగ్‌కి గార్డ్ రెయిల్ ఉండదు. ఇంకొకరి పాస్‌పోర్ట్ ఆఫీసు బీరువాలో ఉంటది. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి, దుబాయ్‌లో సూపర్‌వైజర్‌గా పని చేసే మనిషిని. కంప్యూటర్ చదువు కాదు నాది. డ్యూటీ అయ్యాక కూర్చుని చదివితే అర్థమైంది ఏందంటే, ఈ ప్రశ్నకి ఒక్క యాప్ పేరు జవాబు కాదు. ఈ సాఫ్ట్‌వేర్‌లు ఎట్ల పుట్టినయి, ఎక్కడ దెబ్బ తిన్నయి అనేది తెలిస్తే, ఏది ఎంచుకోవాలో మనకే తెలుస్తది.

ముందు ఒక సంగతి. మామూలు మెయిల్ అంటే కార్డు ముక్క లాంటిది. ఇప్పుడు దారిలో తాళం వేస్తున్నారు గానీ, పోస్టాఫీసులో, అంటే మెయిల్ కంపెనీ కంప్యూటర్‌లో, అది విప్పే ఉంటది. దీనికి రెండు రకాల రక్షణ ఉంది. ఒకటి తాళం: లోపల రాసింది వేరేవాళ్లు చదవలేరు. రెండోది ముసుగు: పంపింది ఎవరో తెలియదు. తాళం వేసిన పెట్టె మీద మీ పేరు రాసి ఉండొచ్చు. పేరు లేని ఉత్తరానికి అసలు తాళమే లేకపోవచ్చు. ఈ రెండూ ఒకటే అనుకున్న చోటే జనం చిక్కుల్లో పడ్డారు.

మొదట తాళం కథ. పాత రోజుల్లో రహస్య ఉత్తరం రాయాలంటే ఇద్దరి దగ్గరా ఒకే తాళంచెవి ఉండాలి. ఆ చెవిని దొంగ కంట పడకుండా అవతలివాడికి చేర్చడమే పెద్ద తలనొప్పి. 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనే ఇద్దరు దీనికి దారి చూపించారు. మరుసటి ఏడు రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు దాన్ని పని చేసే లెక్కగా తయారు చేశారు. మన భాషలో చెప్పాలంటే: నేను నా తాళం కప్పలు తెరిచిపెట్టి ఊరందరికీ పంచుతా. ఎవరైనా పెట్టెలో ఉత్తరం పెట్టి నా కప్ప నొక్కేస్తే పడిపోతది. తీసే చెవి మాత్రం నా ఒక్కడి దగ్గరే ఉంటది. కప్ప దొంగ చేతిలో పడ్డా నష్టం లేదు.

ఆ లెక్కని మామూలు మనిషి కంప్యూటర్‌లోకి తెచ్చినాయన ఫిల్ జిమ్మర్‌మన్. 1991లో పీజీపీ అనే ప్రోగ్రాం రాసి ఉచితంగా వదిలాడు. అది ఇంటర్‌నెట్ ఎక్కి దేశాలు దాటింది. అప్పటి అమెరికా చట్టంలో గట్టి తాళం లెక్కలు ఆయుధాల కింద లెక్క. తుపాకీని పర్మిషన్ లేకుండా బయటి దేశానికి పంపినట్టే అని ఆయన మీద విచారణ మొదలుపెట్టారు. మూడేళ్లు నడిచింది. చివరికి 1996 జనవరిలో కేసు లేకుండానే వదిలేశారు. ఈ మధ్యలో ఒక తమాషా జరిగింది. 1995లో పీజీపీ ప్రోగ్రాం మొత్తాన్ని ఎమ్‌ఐటీ ప్రెస్ పుస్తకంగా అచ్చేసింది. ప్రోగ్రాం పంపితే తప్పు గానీ, పుస్తకం పంపితే తప్పు కాదు కదా! తర్వాత వచ్చిన వెర్షన్‌ని కూడా ఇట్లనే అచ్చేసి పంపితే, 1997లో యూరప్‌లో వలంటీర్లు ఆ పేజీలన్నీ స్కాన్ చేసి మళ్లీ ప్రోగ్రాంగా మార్చుకున్నారు. ఆ తర్వాత జర్మనీలో వెర్నర్ కోచ్ అనే ఆయన ఇదే పద్ధతిలో జీఎన్‌యూపీజీ రాశాడు. అందరూ చూసుకోగల, పైసా ఖర్చు లేని ప్రోగ్రాం అది.

తాళం బలంగానే ఉంది. వాడటమే కష్టం. 1999లో ఆల్మా విటెన్, డగ్ టైగర్ అనే ఇద్దరు పరిశోధకులు 12 మందిని కూర్చోబెట్టి, గంటన్నర టైం ఇచ్చి, పీజీపీతో రహస్య మెయిల్ పంపమన్నారు. సరిగ్గా పంపింది 4 మందే. 3 మందైతే రహస్యాన్ని తాళం వేయకుండానే పంపేశారు. చదువుకున్నవాళ్ల సంగతే ఇది. 2012 డిసెంబర్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్, పేరు చెప్పకుండా గ్లెన్ గ్రీన్‌వాల్డ్ అనే జర్నలిస్టుకి మెయిల్ రాసి, పీజీపీ పెట్టుకోండి, చెప్పాల్సినవి ఉన్నాయన్నాడు. గ్రీన్‌వాల్డ్ ఆ ఇన్‌స్టలేషన్ గోలలో పడలేక వదిలేశాడు. స్నోడెన్ చివరికి పీజీపీ వాడే లారా పోయిట్రాస్ అనే సినిమా డైరెక్టర్‌ని పట్టుకున్నాడు. పంపేవాడికి ఎంత తెలిసినా, అందుకునేవాడి దగ్గర తాళం లేకపోతే పని జరగదు.

ఇంకో లోటు కూడా ఉంది. పీజీపీ లోపలి మాటలకే తాళం వేస్తది. ఎవరు పంపారు, ఎవరికి, ఏ తారీఖు, ఎన్ని గంటలకి, పైన సబ్జెక్ట్ ఏంది, ఇవన్నీ మామూలుగా బయటే కనిపిస్తాయి. "జీతం రాలేదు" అని సబ్జెక్ట్‌లో రాసి లోపల తాళం వేస్తే ఏం లాభం?

ఇక ముసుగు కథ. 1981లో డేవిడ్ చామ్ అనే ఆయన, ఉత్తరం ఎవరు పంపారో తెలియకుండా చేసే పద్ధతి రాశాడు. దాన్ని ఇట్ల అర్థం చేసుకోండి. అర్ధరాత్రి ఒక్కడే క్యాంప్ గేట్ దాటితే వాచ్‌మన్ ముఖం గుర్తుపడతాడు. అదే షిఫ్ట్ మారేటప్పుడు 500 మంది ఒకే రంగు కవరాల్, ఒకే హెల్మెట్ వేసుకుని పోతుంటే ఎవరిని గుర్తుపడతాడు? చామ్ చెప్పింది కూడా అదే. ఉత్తరాలన్నీ ఒకే సైజు చేసి, ఒక చోట పోగు చేసి, కలిపేసి, వరస మార్చి పంపాలి.

ఈ ఆలోచన మొత్తం అమల్లోకి రాకముందే, 1993లో ఫిన్లాండ్‌లో యోహాన్ హెల్సింగియస్ అనే ఆయన తేలిక దారిలో ఒక సర్వీస్ నడిపాడు. పేరు అనాన్ డాట్ పెనెట్ డాట్ ఎఫ్ఐ. మీరు ఆయన కంప్యూటర్‌కి మెయిల్ పంపితే, మీ పేరు తీసేసి ఒక నంబర్ వేసి అవతలికి పంపేది. 5 లక్షల మంది పైగా చేరారు. కానీ ఏ నంబర్ ఎవరిదో రాసిన రిజిస్టర్ ఆయన దగ్గరే ఉంది. 1995లో అమెరికాలోని సైంటాలజీ చర్చి, మా ఫైల్ దొంగిలించి ఈ సర్వీస్ ద్వారా బయటపెట్టారని ఫిర్యాదు చేసింది. ఫిన్లాండ్ పోలీసులు వారంట్‌తో వచ్చారు. ఆయన ఒక్కరి అడ్రస్ ఇవ్వక తప్పలేదు. తర్వాత ఇంకో గొడవలో కోర్టు కూడా పేర్లు చెప్పాల్సిందే అనేసరికి, 1996 ఆగస్టులో సర్వీసే మూసేశాడు. ఆయన మంచోడే. కానీ రిజిస్టర్ అంటూ ఉంటే, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు వచ్చి తీయమంటారు.

అందుకే సైఫర్‌పంక్‌లు అనే గుంపు రిజిస్టరే లేని రీమెయిలర్లు తయారు చేసింది. మెయిల్ మీద ఉల్లిగడ్డ పొరల్లా తాళాలు వేస్తారు. ఒక్కో కంప్యూటర్ ఒక్కో పొర తీసి తర్వాతి దానికి పంపుతది. ఎవరికీ మొత్తం దారి తెలియదు. లాన్స్ కాట్రెల్ రాసిన మిక్స్‌మాస్టర్, చామ్ చెప్పినట్టు సైజులు సమానం చేసి, కొంతసేపు ఆపి, కలిపి పంపేది. గట్టి పద్ధతే, కానీ మెయిల్ చేరడానికి గంటలు పట్టేది. జవాబు తెప్పించుకోవడం కష్టం. అందుకే జనం తగ్గిపోయారు. జనం లేకపోతే గుంపు లేదు, గుంపు లేకపోతే ముసుగు లేదు. అదే ఉల్లిగడ్డ పొరల ఆలోచనతో అమెరికా నేవీ పరిశోధనశాలలో మొదలైన టోర్ 2002 నుంచి బయటికొచ్చింది. అది వేగంగా పోతది కాబట్టి నిలబడింది.

ఇప్పుడు మనలాంటోళ్లు వాడేది వేరే రకం. తాళం పనంతా కంపెనీయే చూసుకునే మెయిల్. 1999లో వచ్చిన కెనడా కంపెనీ హష్‌మెయిల్ వీటిలో పాతది. తాళంచెవి మన పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటది, కానీ ఒక పద్ధతిలో ఆ పాస్‌వర్డ్ కంపెనీ కంప్యూటర్ దాకా పోయేది. 2007లో తెలిసింది, కోర్టు ఆర్డర్ వస్తే వాళ్లు మూడు అకౌంట్ల మెయిల్స్ విప్పి 12 సీడీల్లో ఇచ్చారని. 2013లో స్నోడెన్ వాడిన లావాబిట్ వంతు వచ్చింది. మొత్తం సర్వీస్ తాళంచెవి ఇవ్వమని ఎఫ్‌బీఐ అడిగితే, ఓనర్ లాడార్ లెవిసన్ ముందు దాన్ని కంటికి ఆనని అక్షరాల్లో 11 పేజీలు ప్రింట్ తీసి ఇచ్చాడు. కోర్టు అది కుదరదంది. ఆగస్టు 8న ఆయన కంపెనీకే తాళం వేశాడు. 4 లక్షల మంది మెయిల్ ఒక్కరోజులో ఆగిపోయింది.

మరుసటి ఏడు, 2014లో, స్విట్జర్లాండ్‌లోని సెర్న్‌లో కలుసుకున్న వాళ్లు ప్రోటాన్‌మెయిల్ తెచ్చారు. ఇందులో మెయిల్‌బాక్స్ తాళం మన ఫోన్‌లోనే తెరుచుకుంటది. కంపెనీకి లోపలి మాటలు కనిపించవు. ఇది నిజంగా పని చేసింది కూడా. 2021లో ఫ్రాన్స్ పోలీసులు పర్యావరణ ఉద్యమకారుల మీద కేసులో స్విస్ ప్రభుత్వం ద్వారా అడిగితే, కంపెనీ మెయిల్ లోపలిది ఇవ్వలేకపోయింది. కానీ ఆ అకౌంట్ ఎక్కడి నుంచి తెరుస్తున్నారో చెప్పే ఐపీ అడ్రస్ రికార్డు చేసి ఇచ్చింది. మనిషి దొరికాడు. తాళం పగల్లేదు, ముసుగు జారింది.

ముసుగు ఇంకెట్ల జారుతదో రెండు సంగతులు చెప్తా. 2013 డిసెంబర్‌లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి పరీక్ష తప్పించుకోడానికి టోర్ వాడి బాంబు బెదిరింపు మెయిల్ పంపాడు. చేసింది తప్పుడు పని. ఎట్ల దొరికాడో చూడండి. అతను వాడింది యూనివర్సిటీ వైఫై. ఆ సమయంలో ఆ వైఫై మీద టోర్ ఎవరు వాడారో చూస్తే సరిపోయింది. అర్ధరాత్రి ఒక్కడే గేట్ దాటినట్టు.

రెండోది మన బతుకుకి దగ్గరిది. ఖతార్‌లో మాల్కమ్ బిడాలి అనే కెన్యా సెక్యూరిటీ గార్డ్ "నోవా" అనే మారుపేరుతో క్యాంపుల్లో కూలీల బతుకు ఎట్ల ఉంటదో రాసేవాడు. 2021 మే నెలలో అరెస్టయ్యాడు. దానికి కొద్ది రోజుల ముందు ఎవరో ట్విట్టర్‌లో ఒక లింక్ పంపితే నొక్కాడు. ఆ లింక్ ఐపీ అడ్రస్ పట్టేయగలదని అమ్నెస్టీ పరిశీలనలో తేలింది. దాదాపు నెల రోజులు లోపల ఉన్నాడు. తర్వాత 25,000 రియాల్స్ జరిమానా. ఆగస్టులో దేశం దాటగలిగాడు. ఎంత గట్టి తాళమైనా, ఒక్క లింక్ నొక్కితే ఏం లాభం?

అవతలి పక్క కూడా చెప్పాలి. ముసుగు మంచోడికీ చెడ్డోడికీ ఒక్క తీరుగనే పనికొస్తది. 2025 ఏప్రిల్‌లో ఒక కంపెనీ, మా ఆడ ఉద్యోగులకి ప్రోటాన్ మెయిల్ నుంచి బూతు మెయిల్స్ వస్తున్నాయని కర్ణాటక హైకోర్టుకి పోతే, ఆ సర్వీస్‌ని ఇండియాలో బ్లాక్ చేసే చర్యలు తీసుకోమని కోర్టు కేంద్రానికి చెప్పింది. చట్టాలు బిగిసేది ఇట్లాంటివాళ్ల వల్లే, నలిగేది అవసరం ఉన్నవాళ్లు.

ఇక ఎంచుకోవడం. నేనైతే యాప్ పేరు కంటే ముందు ఈ ప్రశ్నలు అడుగుతా.

మీకు కావాల్సింది తాళమా, ముసుగా? జీతం ఆగితే పేరు లేని మెయిల్‌తో పైసలు రావు. ఎవరి జీతమో తెలియకుండా ఏ ఆఫీసూ ఇప్పించలేదు. మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో అయినా, ఇక్కడి లేబర్ ఆఫీసులో అయినా సొంత పేరుతోనే పోవాలి. అక్కడ మీకు కావాల్సింది, ఫిర్యాదు చేసే దాకా, కాగితాలు సర్దుకునే దాకా, కంపెనీ కంట పడకుండా మాట్లాడుకునే తాళం. సైట్‌లో ప్రమాదం గురించి బయటివాళ్లకి చెప్పాలంటే అప్పుడు ముసుగు గురించి ఆలోచించాలి.

అవతలివాళ్లు ఏం వాడుతున్నారు? ప్రోటాన్ నుంచి ప్రోటాన్‌కి పంపితే తాళం దానంతట అదే పడుతది. ప్రోటాన్ నుంచి మామూలు జీమెయిల్‌కి పోతే పడదు, పాస్‌వర్డ్ పెట్టి పంపితే తప్ప. జర్మనీ వాళ్ల టూటాలో కూడా అంతే. టూటా సబ్జెక్ట్‌కి కూడా తాళం వేస్తది, ప్రోటాన్‌లో అది లేదు. సబ్జెక్ట్‌లో "నమస్తే" తప్ప ఏం రాయకండి.

రిజిస్టర్ ఎవరి దగ్గర ఉంది? మీ సొంత నంబర్ ఇచ్చి అకౌంట్ తెరిస్తే, కంపెనీ ఫోన్‌లోనో క్యాంప్ వైఫైలోనో తెరిస్తే, మీరే రిజిస్టర్‌లో సంతకం పెట్టినట్టు. ఫొటో పంపితే అందులో తీసిన చోటు, టైం దాగి ఉండొచ్చు. ముగ్గురికే తెలిసిన సంగతి రాస్తే, ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా ఆ ముగ్గురిలో ఒకరు మీరే.

చట్టం ఏమంటది? నేనుండే ఎమిరేట్స్‌లో 2021 నాటి సైబర్ చట్టం ప్రకారం, నేరం చేయడానికో దాచడానికో ఐపీ అడ్రస్ మార్చితే జైలు, లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా, లేదా రెండూ. పరువు తీసే రాతలు కూడా ఇక్కడ నేరమే. నిజమే రాస్తున్నా కదా అనే ధైర్యం చాలదు. మీరున్న దేశం సంగతి తెలిసినవాళ్లని కనుక్కోకుండా ముందుకు పోవద్దు.

చివరగా, పాస్‌వర్డ్, రికవరీ మాటలు కాగితం మీద రాసి, రూమ్‌మేట్‌కి కూడా చూపించకుండా దాచుకోండి. ఈ సర్వీసుల్లో రెండూ పోతే పాత మెయిల్స్ కంపెనీ కూడా తెరవలేదు. మీ జీతం స్లిప్పుల ఫొటోలు అందులోనే ఉంటే అవీ పోతాయి. ఇంకో కాపీ ఇంటి దగ్గర నమ్మకమైనవాళ్లకి పంపి పెట్టండి.