పలుగురాయి చెప్పు కాలము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల చేలగట్లపై తెల్లని పలుగురాళ్లు పడియుండుట మీరెఱిగినదే. చీకటిలో రెండు రాళ్లను రాచి, ఆ వెలుగును జూచి బాల్యమున మనమందఱము ముచ్చటపడినవారమే. ఆ జాతిరాయియే నేడు లోకమునకు కాలము చెప్పుచున్నది. అది తప్పు చెప్పినప్పుడు దోషమును వెదకు విధమును మనవి చేసెదను.

గడియారము తప్పినదనుటకు దానికంటె నమ్మదగిన సాక్షి వేఱొకటి కావలెను. పూర్వము సూర్యుడే మనకు సాక్షి. 1792లో కుంఫిణీవారు మద్రాసు నుంగంబాకమున నక్షత్రశాలను కట్టించిరి. అచ్చట నక్షత్రగతిని జూచి లోలకపు గడియారములను సరిదిద్దుచుండిరి. 1864లో రైలు కుప్పము మీదుగా బెంగుళూరు చేరెను. పిమ్మట రైళ్లు మద్రాసు కాలమునే అనుసరించినవి. 1906 జనవరి 1వ తేది మొదలు, కాకినాడ సమీపమున పోవు 82½ డిగ్రీల రేఖనుబట్టి దేశమునకొకే కాలమేర్పడెను. మదనపల్లె ఆ రేఖకు 4 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషముల వంతున మన సూర్యుడు సగటున గడియారముకంటె 16 నిమిషములు వెనుకబడియుండును. ఇది యంత్రదోషము కాదు, ఒడంబడిక.

లోలకమునకు వేడి శత్రువు. కడ్డీ సాగిన ఊగుటకు కాలము హెచ్చును. దీనికి మాఱుగా రాయి వచ్చిన కథ వినుడు. 1880లో ఫ్రాన్సు దేశమున జాక్, పియేర్ క్యూరీ సోదరులు పలుగు స్ఫటికమును నొక్కిన విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. విద్యుత్తు నిచ్చిన రాయి కొలత మాఱునని మఱుసటి యేట తేలెను. 1921లో అమెరికాలో వాల్టర్ కేడీ ఆ రాతిచే విద్యుత్ప్రవాహమును క్రమము తప్పక కంపింపజేసెను. 1927లో వారెన్ మారిసన్ బెల్ ప్రయోగశాలలో రాతి గడియారమును కట్టెను. మన చేలలోని పాలవంటి రాయి ఇందులకు పనికిరాదు. లోపములేని తేటరాయి కావలెను. చిరకాలమది బ్రెజిలు దేశమునుండి వచ్చినది, నేడు ఉక్కు పాత్రలలో పెంచెదరు.

చేతి గడియారములోని రాయి సెకనుకు 32,768 మారులు కంపించును. దానిని పదునైదు మారులు సగము చేసిన ఒకటి మిగులును, అదియే సెకను. ఊయెలను తగిన తరి నెట్టినట్లు చిన్న విద్యుత్ యంత్రమొకటి రాతిని నెట్టుచుండును. రాతికి ఇరువైపుల రెండు కండెన్సర్లుండును.

ఇక దోషములు. గడియారము నిలిచిన, మొదట బ్యాటరీని జూడుడు. నడచుచు తప్పిన, వేడిని శంకింపుడు. ఈ రాయి 25 డిగ్రీల వద్ద చక్కగా నడచును. అంతకు మించినను తగ్గినను వెనుకబడును. 40 డిగ్రీలవద్ద దినమునకు సుమారు ముప్పాతిక సెకను పోవును. చేతికి కట్టినదానికి శరీరపు వేడి మేలు చేయును. గోడ గడియారమున కా భాగ్యము లేదు. కండెన్సరు విలువ హెచ్చైనచో వేగము తగ్గును. సీసపు అతుకుల వద్ద మిగిలిన జిగురు తేమను పీల్చి ప్రవాహమును దారి మళ్లించును.

అన్నిటికంటె మోసకరమైనది పరీక్షించు పనిముట్టే. నాడి పట్టిన చేయి తగులుటచేతనే నాడి మాఱినట్లు, కొలుచు తీగ రాతి కాలికి తగిలిన మాత్రమున కంపనము తగ్గును, ఒక్కొక్కప్పుడు నిలిచిపోవును. తీగ తీసిన మరల చక్కగా నడచును. ఇట్టి యంత్రమును నేను కన్నులార జూచితిని. గనుక రాతి వద్ద గాక, దానిచే నడచు తరువాతి మెట్టు వద్ద కొలువవలెను.

తీగలు లేకయు పరీక్ష సాగును. పది లక్షలలో 20 వంతులు తప్పు రాయి దినమునకు 1.7 సెకన్లు, నెలకు 52 సెకన్లు తప్పును. నేటి సెల్ ఫోనులోని కాలముతో గోడ గడియారమును సరిపెట్టి, నెల తరువాత చూడుడు. వైశాఖమున ఒకమారు, పుష్యమున ఒకమారు చేయుడు. రెండు ఋతువులలోను తప్పు ఒకే తీరుగా నున్న కండెన్సరును జూడవలెను. ఋతువుతో మాఱిన వేడియే కారణము.