నీలం మాత్ర వెనకున్న చరిత్ర



హాస్టల్లో వారానికోసారి నీలం మాత్ర ఇచ్చేవారు, గుర్తుందా? వాంతొస్తుందని మాలో చాలామందిమి గోడవతల విసిరేసేవాళ్ళం. అందులో ఉండేవి ఐరన్, ఫోలిక్ యాసిడ్. ఆ రెండిటి వెనకా ఎంత చరిత్ర ఉందో డిగ్రీకొచ్చాకే మాకు తెలిసింది.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. బోస్టన్ వెళ్ళి, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. తర్వాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరంలో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. కణం ఏ పని చేసినా ఖర్చుపెట్టే చిల్లర ఏటీపీయే.

మరి అది తయారయ్యేదెలా? 1925లో ఇంగ్లండ్‌లో డేవిడ్ కీలిన్ తేనెటీగల రెక్కల కండరాల్లో సైటోక్రోములను చూశారు. వాటి నడుమ ఉండేది ఇనుమే. మనం తాగిన అంబలి నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియాలో చేతులు మారినట్టు వీటి మీదుగా దిగుతూ, చివరికి ఆక్సిజన్‌ని చేరతాయి. అక్కడ నీరు తయారవుతుంది. ఆ దిగుడులో వచ్చే శక్తి ప్రోటాన్లను పొర అవతలికి తోస్తుంది. మన మాచ్‌ఖండ్‌లో ఆపిన నీళ్ళు కిందికి దూకి టర్బైన్ తిప్పినట్టే, ప్రోటాన్లు వెనక్కి వస్తూ ఒక ఎంజైమును తిప్పుతాయి. ఏటీపీ పుడుతుంది. ప్రోటాన్ల వల్లే ఇది జరుగుతుందని 1961లో పీటర్ మిచెల్ అంటే చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకి నోబెల్ వచ్చింది.

రక్తం తయారీకి కావలసిన ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది కూడా సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధన బృందమే.

ఇనుము తక్కువైతే రక్తం ఆక్సిజన్‌ని సరిగా మోయలేదు. ఆక్సిజన్ అందకపోతే గొలుసు చివర ఎలక్ట్రాన్లని అందుకునే దిక్కుండదు. మాలో కొందరికి మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో నిద్ర. “కొండపిల్లలు, మొద్దులు” అన్నారు. మేమూ నమ్మేశాం. తర్వాత రక్తపరీక్ష చేస్తే తేలింది, లోపం బుర్రలో కాదు, రక్తంలో.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మాత్ర పారెయ్యకండి, అన్నం తిన్నాక వేసుకోండి. సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించుకోండి. అది ఉన్నవాళ్ళు ఐరన్ సంగతి డాక్టరుని అడిగాకే. మొద్దులన్న మాట మాత్రం ఎవరన్నా నమ్మకండి.