తోలుబొమ్మ వెనక గొంతు

మా మనవరాలు సెలవుల్లో ఏదో క్లాసుకి పోతోంది. సంగీతమూ కాదు, లెక్కలూ కాదు. ‘‘మాట ఎట్లా మాట్లాడాల, ఒళ్ళు ఎట్లా నిలపాల, మనసులో ఏం జరుగుతోందో ఎట్లా పసిగట్టాల, ఈ మూడూ నేర్పిస్తారు జేజీ!’’ అంది. ఫీజెంతో విని నేను కాసేపు నోరెత్తలేదు.

మా చిన్నప్పుడూ ఆడపిల్లకి ఈ మూడూ నేర్పేవారు లెండి. మాట తగ్గించు, ఒళ్ళు దాచుకో, ఏడుపు మింగు. ఫీజు మాత్రం లేదు.

కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మా కడప జిల్లాలోనే అసలైన బడి ఒకటి నూట నలభై ఏళ్ళ కిందట పుట్టింది. చక్రాయపేట ప్రాంతంలో సురభి అని ఓ పల్లె. 1885లో వనారస కుటుంబం వారు అక్కడ ‘కీచక వధ’ నాటకం ఆడారు. వనారస గోవిందరావు గారి చేతుల్లో ఆ సమాజం పెరిగింది. ఊరి పేరే వాళ్ళకి ఇంటిపేరులా అతుక్కుపోయింది.

అంతకుముందు వాళ్ళది తోలుబొమ్మలాట. పూర్వీకులు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవారు. ఇంట్లో మరాఠీ యాస, తెర దగ్గర తెలుగు. అంటే మాటను అరువు సొమ్ములా జాగ్రత్తగా వాడటం ముందే తెలుసన్న మాట! తెల్లటి గుడ్డ తెర, వెనక దీపాలు, మధ్యన రంగుల తోలుబొమ్మలు. భీముడికో గొంతు, బంగారక్కకో గొంతు. ఆడవాళ్ళూ పాడేవారు, మాట్లాడేవారు. యుద్ధం వస్తే కాళ్ళ కింద చెక్కపలకల్ని టపటపా తొక్కేవారు. గొంతుకి శిక్షణ ఉంది, కాళ్ళకీ ఉంది. ముఖానికి మాత్రం పని లేదు. దాన్ని చూసేవాళ్ళెవరు?

నాటకం అనేసరికి ఆ తెర పోయింది. బొమ్మ పడవలసిన కోపం, సిగ్గు, భయం ఇప్పుడు తమ ముఖం మీదే పడాలి. ఆ మొదటి రాత్రి వాళ్ళ అరచేతులు ఎంత చెమర్చి ఉంటాయో అనుకుంటాను.

మన నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు రకాలుగా చెప్పింది. ఒంటిది ఆంగికం, మాటది వాచికం, వేషానిది ఆహార్యం, మనసుది సాత్వికం. ఇందులో నాకు నచ్చిన తమాషా ఒకటుంది. గొంతు జీరపోవడాన్ని మాటల పద్దులో రాయలేదు. చెమటతో, కన్నీళ్ళతో కలిపి సాత్వికంలో రాశారు. గొంతు పట్టేసేది మనసేనని ఆ రాసినాయనకి తెలుసు.

తెలుగు రంగస్థలం మీద మగవాళ్ళే ఆడవేషాలు వేస్తున్న కాలంలో సురభి ఆడవాళ్ళు తమ వేషాలు తామే వేశారు. స్థానం నరసింహారావు గారి సత్యభామ నడక గొప్పదే, కాదనను. ఆయన ఆ నడకని సాధించారు. సురభి పిల్లకి సాధించాల్సింది నడక కాదు, నలుగురి ముందు నడవటం. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసిన కమలాబాయి కూడా ఆ సురభి బిడ్డే.

నా ఎనిమిదో ఏట ప్రొద్దుటూరులో వాళ్ళ డేరా వెనక్కి దూరాను. ద్రౌపది వేషంలో ఒకామె గోడపెట్టె మీద కూర్చుని బిడ్డకి పాలిస్తోంది. గంట మోగింది. బిడ్డని పక్కామె చేతికిచ్చి, కొంగు సర్దుకుని, ఒక్క ఊపిరి తీసుకుని స్టేజీ మీదికి పోయింది. మరుక్షణం ఆమె ఏడుపుకి డేరా అంతా కళ్ళు తుడుచుకుంది. తిరిగొచ్చి, ‘‘పాప పండుకుందా?’’ అని మామూలుగా అడిగింది. ఏడుపుని పిలవనూవచ్చు, పంపనూవచ్చు అని నాకు ఆ రాత్రే తెలిసింది. ఇంట్లో మాత్రం మింగుతూనే ఉన్నాను, అది వేరే సంగతి.

అంతటివాళ్ళూ మళ్ళీ శిష్యులయ్యారు. 1990ల్లో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వారితో ‘భీష్మ’, ‘చండీప్రియ’ చేయించారు. జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకం కూడా ‘బస్తీ దేవత యాదమ్మ’గా వాళ్ళ చేతికొచ్చింది. అందులో మంచితనంతో బతకలేక కథానాయిక మగవేషం కట్టి, కటువుగా మాట్లాడటం మొదలుపెడుతుంది. ఈ వేషం ఏ స్త్రీకి కొత్త చెప్పండి! 2013లో సురభి నాగేశ్వరరావు గారికి పద్మశ్రీ వచ్చింది. 

ఇదంతా చెబితే మా పిల్ల ఊరుకుందా? ‘‘సరే జేజీ, లే. నిటారుగా నిలబడి నీ పేరు చెప్పు’’ అంది. లేచాను. చెప్పాను.

‘‘నాకే వినపళ్ళేదు. గట్టిగా.’’

ఈసారి వంటింట్లోంచి కోడలు తొంగి చూసింది.