లేత్ షాపూ, నమ్మకమూ



తిరుమంగళంలో మనకు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. మదురై నాయకరాజుల కాలంలో, అంటే 16వ శతాబ్దం నుంచి, మన పెద్దలు ఈ సీమకు వచ్చి స్థిరపడ్డారు. వాళ్లు పట్టిన నాగలి గురించి చాలామంది చెప్పారు. వాళ్ల మనుమలు పట్టిన మైక్రోమీటరు గురించి ఈ రోజు నాలుగు మాటలు చెబుతాను.

1998లో నేను పదో తరగతి చదువుతున్నాను. మా చిన్నాయనకు ఒక అంబాసిడర్ అద్దెకారు ఉండేది. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. అది నీలిపొగ కక్కుతూ ఆయిలు తాగడం మొదలుపెట్టింది. ఒక లేత్ షాపులో ఇంజను ఇచ్చాం. అతను సిలిండర్లను వేలితో తడిమి చూసి, తెల్లారేసరికి బోరు చేసి ఇచ్చాడు. పిస్టన్లు ఆ తర్వాత కొన్నాం. ఆరు నెలలకే మళ్లీ పొగ. పిన్ని గాజులు కుదువకు వెళ్లాయి.

ఈసారి మదురైలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. "పిస్టన్లు తెచ్చినావా నాయనా?" అని తెలుగులోనే అడిగాడు. లేదన్నాడు చిన్నాయన. "అయితే ఈ రోజు పని లేదు. పిస్టన్లతో రా" అన్నాడు. చేతికొచ్చిన బేరాన్ని వెనక్కి పంపిన మనిషిని నేను అప్పుడే చూశాను.

కారణం తర్వాత తెలిసింది. సిలిండరు అంతటా ఒకేలా అరగదు. పైభాగంలో, రింగులు వెనక్కి మళ్లే చోట ఎక్కువ అరుగుతుంది. గుండ్రంగా ఉండాల్సింది కోలగా మారుతుంది. అందుకే పైన, నడుమ, కింద, ప్రతిచోటా రెండు దిక్కులా కొలవాలి. అంగుళంలో వెయ్యోవంతును మెకానిక్కులు 'థౌ' అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు మూడు థౌ. పిస్టనుకూ సిలిండరు గోడకూ మధ్య ఉండాల్సిన సందు వెంట్రుకంతే. కాబట్టి ముందు పిస్టను చేతికి రావాలి. దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు సిలిండరును బోరు చేసి, హోనింగ్ పట్టాలి. మా ఇంజను అప్పటికే 20 థౌ పోగొట్టుకుంది. ఇక 40 థౌ పిస్టనే గతి. అదీ చెడితే లైనరు వేయించాల్సిందే.

ఈ కొలత అలవాటు మన సీమలో ఒక్కనాడు రాలేదు. నల్లరేగడిలో పత్తి, లోతు బావులు, వాటికి ఇంజన్లు, పంపులు. అవి చెడితే బాగుచేసే చేతులు కావాలి. పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు 1926లో ధర్మసంస్థ స్థాపించి, కుర్రవాళ్లకు పని నేర్పే పారిశ్రామిక విద్యాలయం పెట్టారు. కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారికి బడిచదువు అబ్బలేదు. హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారుసైకిలు కొని, విప్పి చూసి నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒకే ఒక్క బస్సుతో రవాణా మొదలుపెట్టారు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి విద్యుత్ మోటారు తయారుచేశారు. మదురైలో టి.వి. సుందరం అయ్యంగారు 1911లోనే రవాణా సంస్థ ప్రారంభించారు. బస్సు నడిపేవాడికి ఇంజను ఆగిన రోజు కూలి పోయిన రోజే. అందుకే బస్సుల వెంటే వర్క్‌షాపులు, వాటిలో పని నేర్చినవారి చేతుల్లో చిన్న చిన్న లేత్ షాపులు పెరిగాయి.

మరి నమ్మకమైన షాపును ఎలా పోల్చుకోవాలి? పని మొదలుపెట్టే ముందు కొలతలు కాగితం మీద రాసిస్తాడా? క్రాంకుషాఫ్టును కూడా కొలుస్తాడా? పిస్టను లేకుండా బోరు చేయనంటాడా? అరిగిన పాత సామాను మీకు తిరిగి ఇస్తాడా? ఈ నాలుగూ ఉంటే నేల మీద ఆయిలు మరకలున్నా ఫరవాలేదు. తక్కువ ధర, రేపటికే ఇస్తాననే మాట, ఈ రెండూ కలిస్తే మాత్రం అనుమానించండి.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. నేటి ఇంజన్లలో సందులు ఇంకా సన్నం, కాబట్టి కొలత విలువ తగ్గలేదు, పెరిగింది.

మా చిన్నాయన కారు ఆ తర్వాత తొమ్మిదేళ్లు తిరిగింది. పిన్ని గాజులు రెండో ఏడే ఇంటికి వచ్చాయి. ఆ పెద్దాయన రాసిచ్చిన కొలతల చీటీ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అంకెలు ఇంగ్లీషులో, పక్కన మాటలు తమిళంలో. అడుగున మాత్రం తెలుగులో ఒక్క ముక్క: "నిదానంగా తోలు."